గురువారం నాటి ఇరవై తొమ్మిది

సంచిలో ముందుగా చోడిపిండి పెట్టింది కనక. పెట్టాక అనుమానం వచ్చి తీసేసింది. చింతపండు ముద్ద అడుగున ఉంటే మెత్తగా బరువు కాస్తుంది. పిండి పొట్లం అడుగున ఉండి పగిలిందంటే మనవరాలి కొత్త బట్టలన్నీ బూడిదలో పొర్లినట్టయిపోతాయి, పట్నం గదిలో మొదటి రోజునే ఆ పిల్ల దులుపుకుంటూ కూచోవాలి. అందుకని చింతపండు, దాని మీద పిండి, పక్కన పసుపు కొమ్ములు, కాఫీ పొడి, తేనె సీసా. సీసాని తువ్వాల్లో చుట్టి, తువ్వాలుని స్వెట్టరులో చుట్టింది. పట్నంలో స్వెట్టరేటమ్మమ్మా, ఉక్కకి సచ్చిపోతారక్కడ అని భాను నిన్ననే నవ్వింది గానీ, రేడియో గదిలో ఏసీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందని చెప్పింది కూడా ఆ పిల్లే. చలి కొండ మీదిదైతేనేం, మిషనుదైతేనేం, గొంతు పట్టేస్తే ఇంక ఆ ఉద్యోగానికి మిగిలేదేముంది.

"ఓలమ్మా, ఇంకా ఆ సంచితోనే ఉన్నావేటి?" వాకిట్లో పసుపు ఉడకబెడుతున్న కూతురు రత్న కేకేసింది. "ఎన్నిపాల్లు సర్దుతావు? ఎల్లేది గుంటా, సంచా?"

"సీసా పగిలిపోద్ది, నీకేటి తెల్సు."

"పగిల్తే సీమలు తింటాయి. బేగి కానీ, జీపోడు మన సుట్టం కాదు ఆగడానికి."

గూట్లో స్టీలు గ్లాసులో నిలబెట్టిన భాను ఫోను పాడుతోంది. గ్లాసులో పెడితే గొంతు పెరుగుతుందని కనిపెట్టింది కనకే. కొండ మీద కొత్తగా టవరు నిలబెట్టాక విశాఖపట్నం ఎఫ్ఎం ఈ కొర్రాపుట్టు దాకా ఎక్కి వస్తోంది, దాంతోపాటు ఎప్పుడో ఆగిపోయిన పాటల నిచ్చెన కూడా మళ్ళీ వచ్చింది. అదే పేరు, అదే గురువారం, అదే పొద్దున్న పూట. వారమంతా జనం మెచ్చిన పాటల్ని పది మెట్ల మీద నిలబెట్టి, పదో మెట్టు నుంచి ఒక్కొక్కటే వినిపిస్తూ చివరికి ఒకటో మెట్టుకి చేరతారు. అప్పట్లో పోస్టుకార్డులు రాసేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో వేలితో నొక్కుతున్నారు. ఇప్పుడు తొమ్మిదో మెట్టు నడుస్తోంది. ఒకటో మెట్టు అయ్యేసరికి జీపు వేళవుతుంది. ఆ జీపెక్కి పాడేరు, పాడేరులో బస్సెక్కి పట్నం. రేపు పొద్దున్న అదే ఎఫ్ఎంలో భాను ఉద్యోగంలో చేరాలి. రేపు చేరకపోతే ఆ కుర్చీ ఇంకో అమ్మాయిదట. ఇవాళ ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. గురువారం.

ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పడినప్పటి నుంచీ కనకకి అన్నం సయించడం లేదు. రాత్రి భాను పక్కలోకి వచ్చి పడుకుని, తల మీద చెయ్యేసి అంది కదా, "అమ్మమ్మా, నీకు ఈ రోజు పడదని నాకు తెల్సు. నువ్ వద్దంటే నానెల్లను. అమ్మతో నాను మాటాడుకుంటాను." ఎంత మెత్తగా అంది. కోపంగా అని ఉంటే బాగుండేది, వెళ్తానే అని రోషంగా అని ఉంటే కనక కూడా నాలుగు తిట్టి, చివరికి సరే పో అనేసేది. తాళం తెచ్చి చేతిలో పెట్టినట్టు పెట్టేసింది పిల్ల. వద్దు అన్న ఒక్క మాట చాలు. ఎల్లుండి వెళ్ళు, సోమవారం వెళ్ళు, ఇటుకల పండగయ్యాక వెళ్ళు అంటే చాలు, సంచిలోవన్నీ మళ్ళీ గూళ్ళలోకి వెళ్ళిపోతాయి, పిల్ల బోరింగు దగ్గర తల రుద్దుకుని వచ్చి కాఫీ పళ్ళు ఎండబోసిన పట్టా మీద ఎప్పట్లాగే కూచుంటుంది. నోరు తెరిస్తే చాలు. తెల్లారినప్పటి నుంచీ కనక నోరు తెరవడానికే భయపడుతోంది.

ఎనిమిదో మెట్టు. ఇలాగే రమణి వెళ్ళిన రోజు కూడా ఎనిమిదో మెట్టు దగ్గరే సంచి మూతి బిగించింది. అది సంచి కూడా కాదు, యూరియా గోతాన్ని ఉతికి కుట్టిన చేతిసంచి. రమణికున్నవి రెండే చీరలు, ఒకటి కట్టుకుంటే ఒకటి లోపల. రమణి కనకకి చెల్లెలన్న మాటే గానీ తల్లి పోయాక చేతుల్లో పెరిగిన పిల్ల, ఆశ్రమ పాఠశాలలో ఐదు దాకా చదివింది, ఊరందరికీ పోస్టుకార్డులు రాసిపెట్టేది. మనిషికన్నా ముందు నవ్వు గుమ్మంలోకి వచ్చేది. కాకినాడ వైపు రొయ్యల షెడ్లలో పనుందని, తల తుంచి తొక్క వలిస్తే రోజుకి ఇంతని ఇస్తారని పెదబయలు నుంచి నలుగురు ఆడపిల్లలు బయలుదేరితే, రమణి ఐదోది అయింది. రొయ్య ఎలా ఉంటుందో కనకకి తెలీదు. ఏటి పీతలాగుంటాదా అని అడిగింది. ఏమో మరి, సూసొచ్చి సెప్తానప్పా అంది రమణి. అక్కని అప్పా అనేది, చివరి అక్షరాన్ని సాగదీసి, పిలుపుని పాట చేసేసి.

ఆ పాటల పిచ్చి రమణి తెచ్చిపెట్టిందే. ఇంట్లో రేడియో ఉండేది, బ్యాటరీలకే కటకట. అయిపోయిన బ్యాటరీల్ని సోమవారం నుంచీ పెంకుల మీద ఎండలో పెట్టేవాళ్ళు అక్కాచెల్లెళ్ళు, మూడు రోజులు ఎండ తాగితే గురువారం నిచ్చెన ఎక్కేంత ఊపిరి వస్తుందని. ఒక్కోసారి మూడో మెట్టు మీద ఊపిరాగిపోయేది. అప్పుడు రమణి రేడియోని ఒళ్ళో పెట్టుకుని తట్టేది, ఇంకో రెండు మెట్లే బంగారం, ఎక్కమ్మా అని బతిమాలేది. అది కూడా పని చెయ్యకపోతే జంక్షన్లో కొట్టు పైడితల్లి దగ్గరికి పరుగు. పైడితల్లి చోడవరం నుంచి కాపురానికొచ్చిన మనిషి, కొండోళ్ళకి అప్పు పెట్టకూడదని మొగుడికి చెబుతూనే బ్యాటరీలు మాత్రం వెనక గుమ్మంలోంచి ఇచ్చేది, ఒకటో పాటేదో నాక్కూడా వచ్చి సెప్పాల అని. దణ్ణం పెట్టాలి ఆ తల్లికి. ఎండకీ పెట్టాలి, బ్యాటరీల్లోకి దూరిన ఎండకి.

కనక అంకెలు నేర్చుకున్నది కూడా నిచ్చెన మీదే. అందరూ ఒకటి నుంచి మొదలుపెడతారు. ఆమెకి లెక్క పది నుంచి మొదలవుతుంది. పది, తొమ్మిది, ఎనిమిది అని దిగుతూ పోవడమే లెక్కంటే. ఇప్పటికీ కాఫీ గింజలు కొలిచినా, కోడిపిల్లల్ని గంప కింద మూసినా అలాగే. ఒకసారి కాఫీ కొనడానికొచ్చినాయన ఆమె కొలత చూసి కంగారుపడి, ఏటమ్మా సరుకు పెరుగుతుంటే లెక్క తగ్గుతాదేటి అని అడిగాడు. కనకకి అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. మంచిది చివర్లో ఉంటుంది, అంకె చిన్నదయ్యేకొద్దీ పాట బాగుంటుంది. ఒకటి అంటే అన్నిటికన్నా చిన్నది కాదు, అన్నిటికన్నా పైది.

ఏడో మెట్టు అయిపోయిందా? రత్న వాకిట్లోంచి ఏదో అంటోంది, పొంగు వచ్చిందో ఏమో, పచ్చి పసుపు ఆవిరి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆవిరి వెనకాలే ఇంటి పై తోటలోంచి కాఫీ పూల వాసన. మొన్న పడిన చిన్న వానకి కొమ్మలన్నీ తెల్లబడ్డాయి. ఆ ఏడు కూడా పూసి ఉంటాయి. గుర్తు లేదు. మనిషి వెళ్ళిపోయేటప్పుడు చెట్ల వైపు చూస్తామా. గుర్తున్నది జీపు హారను. రెండో మెట్టు పాట నడుస్తుండగా జంక్షన్లోంచి వినబడింది. రైలు కూతతో మొదలయ్యే పాట అది, ఇద్దరికీ ప్రాణం. రమణి కార్డు మీద కార్డు రాసింది దాన్ని ఒకటో మెట్టు ఎక్కించడానికి. రెండో మెట్టు మీదే వచ్చేసరికి ముఖం మాడ్చుకుంది, మరైతే ఒకటి ఏటప్పా అని. అప్పుడే హారను.

వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దూరం వెళ్ళే మనిషి వస్తువొకటి సంచిలోంచి తీసి ఇంట్లో ఉంచేస్తారు, దాని కోసమైనా మనిషి తిరిగి వస్తుందని. కనక తల్లి అలాగే చేసేది, ఆమె తల్లీ అలాగే. ఆ రోజు కనక రమణి దువ్వెన తీసి గూట్లో పెట్టబోతే పిల్ల లాక్కుంది. "ఉన్నదొక్క దువ్వెన, అదుంచేత్తే అక్కడ తలెలాగ దువ్వుకోను? ఒకటో పాటుంచుకో అప్పా. నాను ఇన్లేదు కదా. నువ్ ఇని దాచు, ఎవులికీ సెప్పకు. మల్లీ ఇరవై తొమ్మిదో తారీకున నిచ్చెనేసే పొద్దుకి నాను ఇక్కడుంటాను. అప్పుడు సెప్పు." అంత మాట అనేసి పరుగెత్తింది. కనక వాకిట్లో నిలబడి జీపు చప్పుడు మలుపు దాటేదాకా విని, లోపలికొచ్చి ఒకటో పాట విని దాచింది. ఎవరికీ చెప్పలేదు. పైడితల్లి అడిగితే, బ్యాటరీలు అయిపోనాయి అంది. మొగుడు బుధు అడిగితే, నీకెందుకు అంది.

మళ్ళీ ఇరవై తొమ్మిది అంటే మళ్ళీ ఏడే కదా అనుకుంది. అందరూ అలాగే అనుకుంటారు అని ఇప్పుడనుకుంటుంది గానీ, చదువుకున్నవాళ్ళెవరూ అనుకోరు. గురువారం సంతకి వెళ్ళొచ్చినప్పుడల్లా సొరబుర్రలో ఒక చింతపిక్క వేసింది. కొండలో కాలం సంతలతోనే నడుస్తుంది, సంత ఎప్పుడూ తప్పదు, వాన పడినా వస్తుంది, మనిషి పోయినా వస్తుంది. బుర్ర నిండుతుంటే ధైర్యం నిండింది. రేడియోలో ఫిబ్రవరి ఇరవై ఎనిమిది అని విన్న మర్నాడు తలంటుకుని జంక్షన్కి వెళ్ళి పైడితల్లి కొట్టు ముందు కూచుంది. పొద్దున్న జీపొచ్చింది, మధ్యాహ్నం బస్సొచ్చింది. ఇవాళ ఇరవై తొమ్మిదే కదా అంటే, కాదు కనకమ్మా మార్చి ఒకటి అంది పైడితల్లి. కనకకి ఒళ్ళు మండింది. సంతలో తూకం మింగినట్టు కొండ కిందోళ్ళు రోజుని కూడా మింగేశారనుకుంది. నా సెల్లి రావాల్సిన రోజు ఏం జేశారని అడగడానికి బడికి వెళ్ళింది. సర్వేశ్వరరావు మాష్టారు ముందు నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపి, గోడ మీది క్యాలెండరు దింపి నేల మీద పరిచి, "ఇదిగోనమ్మా, ఈ నెల ఇక్కడితో సరి. ఇరవై తొమ్మిది ఏటేటా రాదు. ఇంకా మూడేళ్ళుంది" అని వేలు పెట్టి చూపించాడు. నవ్వు ఆపాడు చూడు, ఆ ఆపినందుకు ఆయనకి ఎన్ని దణ్ణాలైనా పెట్టొచ్చు. పాత క్యాలెండరు ఇచ్చేశాడు కూడా. ఇంక మోసపోకూడదని కనక దాన్ని పొయ్యి దగ్గర పెట్టుకుని ఒక్కత్తే చదవడం మొదలుపెట్టింది. అంకెలు ముందే తెలుసు, కిందికి దిగే అంకెలు. అంకెల పక్కన వారాల పేర్లు. వారాల నుంచి నెలలు, నెలల నుంచి పండగలు, పండగల నుంచి పకోడీ పొట్లాల కాగితాలు, రత్న బడి పుస్తకాలు, తరవాత పాడేరు గ్రంథాలయంలోంచి మాష్టారు తెచ్చిచ్చిన కథల పుస్తకాలు. ఎన్ని చదివింది! సముద్రం మీద పోయే ఓడల గురించి చదివింది, మంచు గురించి చదివింది, రొయ్య గురించి చదివి బొమ్మ చూసి, ఓస్ ఇదా, పీతలాగ లేదే అనుకుంది. ఆ ఇరవై తొమ్మిది లేకపోయి ఉంటే ఈ కళ్ళు మూసుకునే ఉండేవి. లేని రోజు చదువు చెప్పింది ఆమెకి.

ఇంకొకటి కూడా ఉంది, ఎవరితోనూ అనలేదు. ఏటేటా వచ్చే తేదీన వెళ్ళి ఉంటే ఏటేటా ఆ రోజు వచ్చి గుండె మీద కూచునేది. రమణి మంచి పిల్ల, నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు చూసుకుని వెళ్ళింది. మూడేళ్ళపాటు ఫిబ్రవరి చివరికొచ్చి ఖాళీగా ఆగిపోతుంది, ఏడవడానికి తేదీ దొరకదు, పని చూసుకుంటావు. పోతూ పోతూ కూడా అప్పకి అంత వెసులుబాటు ఇచ్చి వెళ్ళింది.

ఆరో మెట్టు. యాంకరు కుర్రాడు గబగబా మాట్లాడుతున్నాడు, లీపు రోజు ముచ్చట్లని. ఇరవై తొమ్మిదిన పుట్టిన గాయకుడుంటే ఎనభయ్యో ఏట ఇరవయ్యో పుట్టినరోజు చేసుకోవచ్చట. ఈ రోజున ఒకటో మెట్టెక్కిన పాటకి సంవత్సరీకం నాలుగేళ్ళకోసారేనట. వాడికంతా ఆట. ఆడుకోనీ. రమణి ఉంటే రేడియోకి ఎదురు సమాధానాలు చెప్పేది.

రమణి వెళ్ళిన ఏడు వానాకాలంలో రేడియోలోంచి రమణి పేరు వచ్చింది. కాకినాడ నుంచి రమణి ఓటు వేశారు అని, ఒకే ఒక్కసారి, అదీ రైలు కూత పాటకే. అక్కడ కూడా వింటోందన్నమాట, అక్కడ కూడా కార్డు రాస్తోందన్నమాట. కనక రేడియోని ఒళ్ళోకి తీసుకుని తట్టింది. దీపావళికి ముందు తుపానొచ్చింది. కోనసీమలో కొబ్బరిచెట్లు పడుకుండిపోయాయని, సముద్రం మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే పోయారని రేడియో చెబుతూనే ఉంది. బుధు దారి ఖర్చుకి మేకని అమ్మి వెళ్ళాడు. ఎప్పుడూ కొండ దిగని మనిషి, చెప్పుల్లేకుండా వెళ్ళి, పదిరోజులకి వచ్చి, గుమ్మంలో కూచుని, కాళ్ళు కడుక్కోకుండానే చెప్పాడు. "షెడ్డు లేదే కనకా. రాటలున్నాయి, షెడ్డు లేదు. అందులో పడుకున్నోల్లెవులూ లేరు." కనక నీళ్ళ చెంబు ఇచ్చి, అయితే ఇంకెక్కడికో పనికెల్లుంటాది అంది. బుధు ఆమె వంక చూశాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. ప్రతి లీపు సంవత్సరం జంక్షన్కి వెళ్తుంటే గొడుగిచ్చేవాడు. ఎంత మంచి మొగుడు. చనిపోయాక తెలిసింది ఎంత మంచివాడో, ఇంట్లో గొడుగిచ్చేవాళ్ళు లేకపోయేసరికి.

ఊరికి తెలుసు. పెదబయలుకి తెలుసు. కనకకి మాత్రం ఎప్పుడూ ఒక సాకు దొరికేది. రెండు వేల సంవత్సరంలో ఇరవై తొమ్మిది మంగళవారమొచ్చింది, మంగళవారం నిచ్చెన ఎక్కడుంది, నిచ్చెనేసే పొద్దుకి అంది కదా పిల్ల, మంగళవారం ఎందుకొస్తుంది. ఆ తరవాతసారి ఆదివారం. మరోసారి బుధవారమొచ్చి ఒక్క రోజులో తప్పిపోయింది, అప్పుడైతే గురువారం కూడా వెళ్ళి కూచుంది. మధ్యలో నిచ్చెనే ఆగిపోయింది, కార్యక్రమమే లేకపోతే ఇంక మాట ఎలా నిలబెట్టుకుంటుంది అనుకుంది. సాకులు చింతపిక్కల్లా దాచుకుంది. వెళ్తూ వెళ్తూ పరుగులో అన్న మాటని పట్టుకుని, ప్రతి ముక్కా పట్టి పట్టి చూసుకుంటూ, అందులోనే చెల్లెల్ని బతికించుకుంది.

పదిహేను రోజుల కిందట భాను ఫోను పట్టుకుని ఎగురుతూ వచ్చింది. ఎఫ్ఎం వాళ్ళు ఉద్యోగానికి ముందు పరీక్షగా లీపు రోజు మీద ముచ్చట్లు రాసి పంపమన్నారట. "అమ్మమ్మా ఇను! వారానికోపాలొచ్చే ప్రోగ్రాము ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పడాలంటే ఎన్నేళ్ళు పట్టుద్దో తెల్సా? ఇరవై ఎనిమిది! గురువారం నిచ్చెన తొంభై ఆరులో పడింది. మల్లీ పడేది ఈ ఏడే!" కనక చేతిలో చాట ఆగిపోయింది. పిల్ల ఆనందంలో చూసుకోలేదు, ఒక్క క్షణం తరవాత చూసింది, చూసి నోరు మూసుకుంది. అంటే రమణి అన్న మాటకి గడువు ఇప్పటిదాకా రానేలేదు. అంటే అది తప్పిన మాట కాదు. అంటే ఈ గురువారమే. ఈ గురువారం కూడా రాకపోతే ఇంక సాకు లేదు.

"ఇప్పుడో మంచి ముచ్చట" అన్నాడు యాంకరు. "ఇది పంపింది అల్లూరి జిల్లా కొర్రాపుట్టు నుంచి భాను." ఊరి పేరు సరిగ్గా పలికాడు. పట్నంవాళ్ళు ఎవరూ సరిగ్గా పలకరు, కుర్రాడు నేర్చుకుని పలికాడు. ఏ తల్లి కన్న బిడ్డో. వాకిట్లో రత్న గరిట ఆగిపోయింది. ఆ కుర్రాడు ఇరవై ఎనిమిదేళ్ళ లెక్కంతా చెప్పి, "అయితే తొంభై ఆరు ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన ఒకటో మెట్టు మీద ఏ పాట ఉంది? పాత జాబితాలు ఎక్కడా దొరకలేదు. భాను ఏమంటోందంటే, మా అమ్మమ్మకి తెలుసు, కానీ చెప్పదు అంటోంది. అమ్మమ్మగారూ, మాకు వినాలనుందండీ!" అని నవ్వి ఐదో మెట్టు పాట వేసేశాడు.

భాను తడితలతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"నీ పేరు సెప్పినాడే" అంది కనక.

"ఇన్నాను. కోపమొచ్చిందా? నీ ఊసు రాయకుండా ఉండాల్సింది."

"నాకేటి కోపం. బాగ సెప్పినాడు."

పిల్ల సంచి దగ్గర కూచుని లోపల చెయ్యి పెట్టి వెతికింది. పిండి తీసింది, చింతపండు తీసింది, కనక మూడుసార్లు సర్దినదంతా మళ్ళీ చాప మీదికి వచ్చేసింది. "అమ్మమ్మా, నా ఛార్జర్ ఏదే?" కనక పిండి పొట్లం మళ్ళీ సంచిలో పెట్టబోయింది. "ఏటి తీసేవు నా సంచీలోంచి? దువ్వెనుంది, చెప్పులున్నాయి. ఛార్జరే తీసేవు కదూ! పోయి పోయి అదా దొరికింది? జోడులో ఒక చెప్పుంచుకోవే బాబూ, కుంటుకుంటా ఎల్తాను. అది లేపోతే నీకు రేత్రి ఫోనెలాగ సేస్తాను?"

వాకిట్లోంచి రత్న నవ్వు. "రొంటినుంటాది సూడు. పొద్దున్న నడుం దగ్గిర ఉబ్బెత్తుగుంటే ముడుపనుకున్నాను."

కనక చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. తెల్లారగట్ల తీసింది, పద్ధతి ప్రకారం ఒకటి ఉంచాలి కదా, చేతికేది తగిలితే అది తీసింది. పాట విని దాచింది అప్పుడు, దాచి ఏమైంది. గట్టిగా పట్టుకుని కూచుంది, ఇరవై ఎనిమిదేళ్ళు పట్టుకుని కూచుంది, ఒక్కరికీ చెప్పలేదు, ఆఖరికి బుధుకి కూడా, పోయేముందు ఆ మనిషి నవ్వుతూ ఇప్పుడైనా సెప్పవే అంటే కూడా చెప్పలేదు. పాట ఇంట్లోనే ఉంది. దాని కోసం రావాల్సిన పిల్ల రాలేదు. ఉంచుకుంటే వస్తారని కాదు, రావాలని మనం ఉంచుకుంటాం, అంతే. ఉంచుకోవాలనుకున్న పిల్ల ఎదురుగా కూచుని తడిజుట్టులోంచి నీళ్ళు కారుస్తూ తన మాట కోసం చూస్తోంది. వద్దు అంటే చాలు. నాలుక చివరనే ఉంది. ఈ పిల్ల ఉంటే ఇల్లు నిండుతుంది, పొద్దున్న లేస్తూనే గొంతు వినబడుతుంది, ఆ గొంతుని ఈ పెంకుల కింద దాచి, ఎవరికీ వినబడనీయకుండా, పాటని దాచినట్టు... అక్కడ ఆగింది కనక. ఆగి, నడుం దగ్గర ముడి విప్పి, వైరు చుట్టిన ఛార్జరు తీసి పిల్ల ఒళ్ళో పడేసింది.

"ఏటుంచుకుంటావు మరి?" అంది భాను మెల్లగా.

"ఏటీ వద్దు. అన్నీ తీసుకెల్లు."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి, తిరుగుతుంటే అచ్చం ఆ ముఖమే, కానీ ఆ ముఖం కాదు. దీనికి కుడి కనుబొమ మీద మచ్చ ఉంది, ఇది భాను, ఇది ఫోను చేస్తుంది, నెలకోసారి బస్సెక్కి వస్తుంది, రాకపోతే రత్నే వెళ్ళి జుట్టు పట్టుకుని తెస్తుంది. ఎందుకో గుండెల్లో ఒక మూల తేలికపడింది.

"గొడుగు పాటే" అంది కనక.

"ఏటి?"

"ఒకటో మెట్టు. సంతలో గొడుగు పోగొట్టుకున్న మావ పాట. నవ్వులాట పాట. మీ సిన్నమ్మమ్మకి ఆ పాటంటే ఒల్లు మంట."

"ఇన్నేల్లూ దాచింది గొడుగు మావనా?" అని భాను పొట్ట పట్టుకుని చాప మీద పడిపోయింది. రత్న గరిటతో లోపలికి వచ్చేసి, ఏటే ఏటే అని విని, గోడకి జారిపోయి నవ్వింది. నాన్న సచ్చేముందు కూడా సెప్పనిది గొడుగు మావా అంటూ ఏడుపూ నవ్వూ కలిపేసింది. కనకకి కూడా నవ్వు వచ్చింది. ఆ రోజే వచ్చి ఉండాల్సిన నవ్వు. జీపు పోయి, రైలు పాట ఓడిపోయి, గొడుగు పోయిన మావ గెలిచి, వినేవాళ్ళు లేక ఇంట్లో ఒక్కత్తీ కూచుని విన్నప్పుడు, రమణి ఉంటే రేడియోని తిట్టిపోసేది కదా అనుకుని, ఆ తిట్లు రమణి నోటినే వినాలని, నవ్వుని కూడా దాచేసింది. "పట్నమెల్లి ఆ కుర్రోడికి సెప్పు. పేరెట్టి సెప్పు. కొర్రాపుట్టు రమణి ఇన్లేదు, ఆలప్ప ఇన్నాదని సెప్పు."

జంక్షన్ దాకా ముగ్గురూ నడిచారు. ఫోను భాను చేతిలో పాడుతూనే ఉంది. ఒకటో మెట్టు వచ్చేసరికి జీపు కనిపించింది. భాను ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని, పాట చివరిదాకా వినిపించమని డ్రైవరు బతిమాలితే ఫోను అతనికి దగ్గరగా పెట్టింది. పాట అయ్యాకే జీపు కదిలింది. ఎవరో కుర్రకారు పాట, కనకకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరిదాకా విన్నారు అందరూ, అది చాలు. భాను ముందుకి చూడలేదు, వెనక్కి తిరిగి మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉంది. కనక కూడా ఊపింది. పొయ్యి మీద పసుపుందని రత్న అటే ఇంటికి తిరిగింది.

పైడితల్లికి ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి, కొట్టు కోడలు చూస్తోంది. అయినా కనకని చూసి స్టూలు బయటికి తోసి, టీ గ్లాసు పట్టుకుని వచ్చింది, లీపు సంవత్సరం వచ్చినప్పుడల్లా తెచ్చినట్టే. తేరగా తాగిన టీలెన్నో. ఒక్కసారి కూడా, ఎందుకు కూచుంటావమ్మా అని అనలేదు. సాయంత్రం ఆఖరి బస్సు ఖాళీగా వెళ్ళాక, రేపెప్పుడైనా రావచ్చులే కనకమ్మా అనేది, అంత అబద్ధం తన కోసం ఆడేది.

"కూకో కనకమ్మా. ఈపాలి గురువారమే పడింది కదా. ఆఖరి బస్సు దాకా ఉంటావేటి? కోడలితో అన్నం వండించమంటాను."

టీ వేడిగా ఉంది. అల్లం ఎక్కువ పడింది. కనక నిలబడే తాగింది, గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించింది.

"ఉండను పైడితల్లీ. ఉడికిన పసుపు ఎండెయ్యాల, రత్నొక్కత్తే ఉంది. నువ్ నా కోసం శానా సేసినావు, నీ మేలు మర్సిపోను. మా రమణి ఇంక రాదు. తొంభై ఆరు నవంబరులో, కాకినాడ తుపానులో పోయింది. తిరిగి రాలేదు."